యూకాన్‌లో చేరావా? ముందు అమ్మాయిల మ్యాచ్ చూడు

ప్రశ్న: అన్నయ్యా, ఎమ్మెస్ చేయడానికి కనెక్టికట్ యూనివర్సిటీకి వచ్చాను. నవంబరు మొదలయ్యాక క్లాసులో బాస్కెట్‌బాల్ తప్ప వేరే కబుర్లు లేవు. నాకు క్రికెట్ ఒక్కటే తెలుసు. అసైన్‌మెంట్ల టెన్షన్‌లో ఇదంతా పట్టించుకోవాలా?

జవాబు: తమ్ముడూ, సీజనంతా వెంటపడక్కర్లేదు గానీ ఒక్క మ్యాచ్‌కైనా వెళ్ళు. అది అమ్మాయిల మ్యాచ్ అయితే మరీ మంచిది. మనవాళ్ళు రాగానే "మగాళ్ళ టీమ్ ఆట ఎప్పుడు?" అని మాత్రమే అడుగుతారు. ఈ రాష్ట్రంలో ఆ ప్రశ్న సగమే.

ఇక్కడ ఎన్‌బీఏ (ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) జట్టు లేదు. హార్ట్‌ఫర్డ్‌లో ఉన్న ఐస్ హాకీ జట్టు కూడా 1997లో నార్త్ కరొలైనాకి తరలిపోయింది. దాంతో రాష్ట్రం అభిమానమంతా హస్కీల మీదే. యూకాన్ అంటే మన కనెక్టికట్ యూనివర్సిటీ, హస్కీలు దాని జట్ల పేరు. జీనో ఆరియెమ్మా 1985లో కోచ్‌గా వచ్చేనాటికి అమ్మాయిల జట్టు ఓటముల కంటే ఎక్కువ గెలుపులు చూసిన సీజన్ ఒక్కటే. పదేళ్ళకి, అంటే 1995లో, 35 మ్యాచ్‌లూ గెలిచి మొదటి జాతీయ టైటిల్ కొట్టింది. 2025లో సౌత్ కరొలైనా యూనివర్సిటీని 82-59తో ఓడించి పన్నెండోది తెచ్చుకుంది. మధ్యలో వరసగా 111 మ్యాచ్‌లు గెలిచారు. 2017 సెమీఫైనల్లో, ఓవర్‌టైమ్ ఆఖరి క్షణంలో పడిన బుట్టతో మిసిసిపీ స్టేట్ ఆ వరసకి అడ్డుకట్ట వేసింది. ఆ ఓటమి సంగతి ఎత్తితే ఇక్కడి పెద్దావిడలు ఇప్పటికీ మొహం ముడుచుకుంటారు.

అబ్బాయిలు తక్కువేం కాదు. కోచ్ జిమ్ కాల్హూన్ హయాంలో 1999లో మొదలుపెట్టి ఆరు టైటిళ్ళు తెచ్చారు. చివరి రెండూ డాన్ హర్లీ కోచింగ్‌లో 2023, 2024ల్లో వరసగా వచ్చినవే. 2004లోనూ 2014లోనూ అబ్బాయిలు, అమ్మాయిలు ఒకే ఏడాది గెలిచారు. కాలేజీ ఆటల్లో పైస్థాయి అయిన డివిజన్-1లో ఆ ఘనత ఇంకే యూనివర్సిటీకీ లేదు.

ఆట అర్థం కాదేమో అని భయపడకు. అబ్బాయిలకి ఇరవై నిమిషాల చొప్పున రెండు భాగాలు, అమ్మాయిలకి పది నిమిషాల చొప్పున నాలుగు. బంతి చేతికొచ్చాక 30 సెకన్లలోపు షాట్ కొట్టాలి, అయిదు ఫౌళ్ళు చేస్తే బయటికి. మొదటిరోజుకి ఇది చాలు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. గడియారం రెండు నిమిషాలు చూపిస్తోంది కదా అని లేచి బస్సుకోసం పరిగెత్తకు. స్కోరు దగ్గరగా ఉంటే ఆ రెండు నిమిషాలూ టైమౌట్లు, ఫౌళ్ళు, ఫ్రీ త్రోలతో సాగి సాగి పావుగంట దాటుతుంది. అసలు ఆటంతా అక్కడే.

మ్యాచ్‌లు రెండు చోట్ల జరుగుతాయి. స్టోర్స్ అనే ఊళ్ళో ఉన్న మెయిన్ క్యాంపస్‌లోని గాంపెల్ పెవిలియన్ ఒకటి, హార్ట్‌ఫర్డ్ డౌన్‌టౌన్‌లోని అరీనా రెండోది. బిజినెస్ అనలిటిక్స్ చదివే మనవాళ్ళు చాలామంది హార్ట్‌ఫర్డ్‌లోనే ఉంటారు కాబట్టి వాళ్ళకి రెండోదే సులువు. స్టూడెంట్ టికెట్లు వేరుగా ఉంటాయి, ఐడీ దగ్గర పెట్టుకో. స్టూడెంట్ సెక్షన్‌లో సీటున్నా కూర్చోనివ్వరు, ఆటంతా నిలబడే చూడాలి. పెద్ద బ్యాక్‌ప్యాక్‌తో వెళ్తే గేటు దగ్గరే ఆపేయొచ్చు, గదిలో వదిలేసి వెళ్ళు. శాకాహారివైతే లోపల పాప్‌కార్న్, చీజ్ పిజ్జాలతో సరిపెట్టుకోవాలి. పగటి మ్యాచ్ అయితే ముందుగా క్యాంపస్‌లోని డెయిరీ బార్‌లో ఐస్‌క్రీమ్ తిను. యూనివర్సిటీ వాళ్ళే తయారుచేస్తారు. చలికాలమైనా సరే!

ఇక వీసా సంగతి. గాంపెల్‌లో యూనివర్సిటీయే జీతమిచ్చే పని దొరికితే అది క్యాంపస్ ఉద్యోగం. సెమిస్టర్ నడుస్తుండగా వారానికి 20 గంటలు మించకుండా చేసుకోవచ్చు. హార్ట్‌ఫర్డ్ అరీనా క్యాంపస్ కాదు. అక్కడ తినుబండారాల స్టాల్‌లో "నాలుగు గంటలే కదా, క్యాష్ ఇస్తారు" అని ఎవరైనా పిలిస్తే వెళ్ళకు. అనుమానం వస్తే రూమ్మేట్‌ని కాదు, అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుని అడుగు.

మార్చిలో జాతీయ టోర్నమెంట్ రాగానే అందరి చేతుల్లోనూ బ్రాకెట్ కాగితాలు కనిపిస్తాయి. 68 జట్లలో ఎవరు ఎవరిని ఓడిస్తారో ముందే నింపే పట్టిక అది. సరదాకి ఊరికే నింపు. ఈ రాష్ట్రంలో ఆటల మీద పందెం కాయడానికి 21 ఏళ్ళు నిండాలి. నీకు నిండినా ఫీజు డబ్బుతో యాప్‌ల జోలికి పోవద్దు.

ఫైనల్ గెలిచిన రాత్రి మాత్రం జాగ్రత్త. 2023లో సంబరం శ్రుతిమించి క్యాంపస్‌లో దీపస్తంభాలు కూల్చారు, కొందరు విద్యార్థులు అరెస్టయ్యారు. మరుసటి ఏడాది ఫైనల్‌కి ముందే యూనివర్సిటీ కొన్ని స్తంభాలు పీకించింది. అమెరికన్ కుర్రాడికి అది వకీలు ఖర్చుతో తేలిపోవచ్చు, ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్న నీకు వీసాకే ఎసరు. స్నేహితులతో గదిలో టీవీ ముందు ఎన్ని కేకలైనా వెయ్యి. అద్దాలు పగలడం మొదలయ్యాక వీధిలో ఫోన్ పట్టుకుని వీడియో తీస్తూ నిలబడకు.