నీ వ్యాసంలో ఒక్క షాటూ లేదు

పెదవాల్తేరు,
విశాఖపట్నం

బాబూ,

అమెరికన్ సినిమా డైరెక్టరు వెస్ ఆండర్సన్ స్టైల్ ‘పాచిపోయింది’ అని నీ వ్యాసంలో ఆరు చోట్ల రాశావు. పెన్సిల్ పట్టుకుని లెక్కపెట్టాను. ఒక్క షాటు మాత్రం ఎక్కడా చూపించలేదు.

గులాబీ రంగులు, నడిమధ్యన నిలబడ్డ మనిషి, పక్కకి జరిగే కెమెరా. ఇవన్నీ సినిమాల్లో చూశావా, 2023లో ఊరూవాడా తీసిన రీల్స్‌లో చూశావా? బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ ముందు బిగుసుకుని నిలబడి వీడియో తీయించుకున్న కుర్రాళ్ళని నేనూ చూశాను. వాళ్ళ పాపం ఆయనకి అంటగట్టకు.

‘ది గ్రాండ్ బుడాపెస్ట్ హోటల్’ (2014) మళ్ళీ పెట్టుకో. 1932 నాటి కథకి దాదాపు నలుచదరం ఫ్రేము, 1968కి అడ్డంగా సాగిన ఫ్రేము. సోకుకి కాదు, ఏ కాలంలో ఉన్నామో కంటికి తెలియడానికి. చివర్లో రైలు పెట్టెలోకి సైనికులు వస్తారు. అంతసేపూ మిఠాయి డబ్బాలా మెరిసిన సినిమా అక్కడ నలుపు తెలుపైపోతుంది. హోటల్ని నడిపించే గుస్తావ్ చావు చూపించడు. ఒకప్పుడు అతని కింద పనిచేసిన కుర్రాడు జీరో, ముసలాడయ్యాక, ఒక్క ముక్కలో చెప్పేసి ఊరుకుంటాడు. తన భార్యా బిడ్డా జబ్బుతో పోయారన్నదీ అంతే. ఇల్లంతా పొందిగ్గా సర్దుకునే మనిషికి ఉన్నట్టుండి గొంతు వణికినట్టుంటుంది. ఆ సర్దుడు లేకపోతే ఆ వణుకు వినిపించదయ్యా! ఒకే ఫ్రేము వందసార్లు పెట్టనీ, అందులో ఏం దాచాడో చూడాలి గానీ.

అన్నట్టు, కెమెరామన్‌ని ఎప్పుడూ మార్చడని రాశావు. 1996 నుంచి మనుషులతో తీసిన పెద్ద సినిమాలన్నిటికీ రాబర్ట్ యోమనే, నిజమే. 2025లో ‘ది ఫినీషియన్ స్కీమ్’కి బ్రూనో డెల్బొనెల్ వచ్చాడు. నువ్వు పేర్లు పడేటప్పుడు ఫోన్ చూస్తున్నట్టున్నావు. ఆ సినిమాలో నేనూ రెండుసార్లు టైము చూసుకున్నానులే. ఏ సీన్లో చూసుకున్నానో చెప్పగలను, అదీ తేడా.

‘పాచిపోయింది’ అన్న మాట నేనూ పడ్డాను. 1989లో ఒక వారపత్రిక ఎడిటరు నా కథ తిప్పి పంపుతూ ‘మళ్ళీ హార్బరేనా?’ అని ఎర్రసిరాతో గీకాడు. అంతకు నాలుగేళ్ళ ముందు హార్బరు కథలే కావాలని కార్డు మీద కార్డు రాసిన మహానుభావుడు ఆయనే. పౌరుషానికి పోయి హైదరాబాద్ అపార్ట్‌మెంటు కథ రాశాను. అందులో లిఫ్టు కూడా ఉంది. అప్పటికి నేను లిఫ్టు ఎక్కి ఎరగను. వెంటనే వేశారు, రంగుల బొమ్మతో సహా. మా అమ్మ చదివించుకుని విని, “ఇదేటిరా, ఇందులో ఎవులికీ చెమట పట్టదేటి?” అంది.

నాలుగో పేజీలో, పూర్ణా మార్కెట్లో మీ నాన్న దారపు రీళ్ళు రంగుల వరసన పేరుస్తారనీ, బేరానికొచ్చినవాళ్ళు ఒకటి లాగితే దాన్ని మళ్ళీ దాని చోట పెట్టేదాకా నోరు విప్పరనీ రాశావు. రాసి బ్రాకెట్లో పెట్టావు! అది రెండుసార్లు చదివాను. బ్రాకెట్లు కొట్టేసి అక్కణ్ణించి మొదలుపెట్టు. పోస్టులో వెయ్యకు, పట్టుకుని రా. బెల్లు పనిచెయ్యదు, తలుపు కొట్టు.