అన్నయ్య యూనిఫామ్‌తో పాట తీయవచ్చా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది పలాస దగ్గర ఉద్దానం పల్లె. మా అన్నయ్య ఆర్మీలో జవాను, నెల రోజుల సెలవు మీద ఇంటికి వస్తున్నాడు. సెలవు అయిపోయి రైలెక్కిన మొగుడి కోసం ఎదురుచూసే ఇల్లాలి మీద మా ఊరి కుర్రాళ్లం ఒక జానపద పాట కట్టాం. అన్నయ్యనే పెట్టి, ఆయన యూనిఫామ్‌తోనే తీసి యూట్యూబ్‌లో పెట్టాలని ఆశ. క్యాంపులో తీసిన వీడియోలు ఆయన ఫోనులో ఉన్నాయి, వాటినీ మధ్యలో కలుపుతాం. కోరుకొండ సైనిక్ స్కూలు ముందు ఒక షాటు, భీమిలి రోడ్డులో నేవీ గేటు ముందు డ్రోన్‌తో ఒక షాటు అనుకున్నాం. కేసులవుతాయని ఊళ్లో అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: పాట తీయడానికి మీకు ఏ అడ్డూ లేదు. జవాను మీద పాట కట్టడం నేరం కాదు. కానీ మీ ఉత్తరం చదవగానే నాకు టెన్షన్ పట్టుకున్నది అన్నయ్య ఫోనులోని ఆ వీడియోల గురించే. ముందు వాటిని పక్కన పెట్టేయండి.

ఎందుకంటే ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ నష్టపోయేది మీ అన్నయ్యే. మామూలు పౌరుడికి లేని కట్టుబాట్లు ఆయనకు ఉన్నాయి. 1954 ఆర్మీ రూల్స్‌లో 21వ రూలు ప్రకారం సర్వీసుకు సంబంధించిన విషయాన్ని, సమాచారాన్ని ముందస్తు అనుమతి లేకుండా ఏ రూపంలోనూ ప్రచురించకూడదు. 1950 ఆర్మీ చట్టం 63వ సెక్షన్ కింద క్రమశిక్షణకు భంగం కలిగించే పనికి ఏడేళ్ల వరకు జైలు పడవచ్చు. 2020లో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌తో సహా 89 యాప్‌లను ఫోన్ల నుంచి తీసేయమని ఆర్మీ తన సిబ్బందికి ఆదేశమిచ్చింది. ఒక అధికారి దాని మీద ఢిల్లీ హైకోర్టుకు వెళితే అక్కడా ఊరట దొరకలేదు. ఇంత గట్టిగా ఉన్నచోట క్యాంపు వీడియో మన పాటలో కనబడితే ఏమవుతుందో ఆలోచించండి. మీకు అది వెనకాల కనిపించే ఒక షెడ్డు, నాలుగు బండ్లు. తెలిసినవాడికి అదే యూనిట్ ఎక్కడుందో చెప్పే ఆధారం. అలాంటి సమాచారాన్ని బయటికి ఇచ్చినవారినే కాదు, తెలిసి తీసుకున్నవారిని కూడా 1923 నాటి అధికార రహస్యాల చట్టం 5వ సెక్షన్ నేరస్తులుగానే చూస్తుంది. శిక్ష మూడేళ్ల వరకు. అంటే ఆ మాట మీకూ వర్తిస్తుంది.

అన్నయ్య చేత నటింపజేయాలనే పట్టుదల కూడా వద్దు. తప్పదనుకుంటే ముందు తన కమాండింగ్ ఆఫీసరును రాతపూర్వకంగా అడగమనండి. ఊళ్లో ఇంకో కుర్రాడికి ఆ వేషం వేస్తే ఈ చిక్కే ఉండదు.

ఇక యూనిఫామ్. సైనికుడు కానివాడు, సైనికుడని ఎదుటివాళ్లు నమ్మాలనే ఉద్దేశంతో ఆ దుస్తులు వేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పాత ఐపీసీలో ఇది 140వ సెక్షన్. ఇక్కడ కీలకం ఉద్దేశం. కెమెరా ముందు వేషం కట్టినవాడికి ఆ ఉద్దేశం ఉండదు కాబట్టి నటన నేరం కాదు. చిక్కంతా షూటింగ్ అయ్యాక వస్తుంది. అదే డ్రెస్సు, అదే బొమ్మ తుపాకీతో బండెక్కి టెక్కలి సెంటర్‌లో టీ తాగడానికి వెళ్లారనుకోండి, పోలీసులు ఆపితే తప్పు వాళ్లది కాదు. 2016లో పఠాన్‌కోట్ దాడి చేసినవాళ్లు సైనిక దుస్తుల్లోనే వచ్చారు. అందుకే షాటు అవగానే మార్చుకోండి. ఏ రోజు, ఎక్కడ తీస్తున్నారో మీ పోలీస్ స్టేషన్‌లో ఒక కాగితం ఇచ్చి, రసీదు దగ్గర ఉంచుకోండి. అన్నయ్య అసలు యూనిఫామ్ మాత్రం వాడకండి, దాని మీద పేరు, యూనిట్ గుర్తులు ఉంటాయి. 2022లో వచ్చిన కొత్త డిజైన్ మీద హక్కులు కూడా ఆర్మీ రిజిస్టర్ చేయించుకుంది. అద్దె డ్రెస్సు చాలు.

నేవీ గేటు ఆలోచన పూర్తిగా మానుకోండి. భీమిలి రోడ్డులో ఉన్నది ఐఎన్ఎస్ కళింగ. నౌకాదళ స్థావరాలు అధికార రహస్యాల చట్టం ప్రకారం నిషిద్ధ ప్రదేశాలు. ఆ చట్టంలో ‘స్కెచ్’ అంటే ఫొటో కూడా. దేశ భద్రతకు హాని చేసే ఉద్దేశంతో తీస్తేనే 3వ సెక్షన్ పడుతుంది, మీకు ఆ ఉద్దేశం లేదని నాకు తెలుసు. అయినా రక్షణ స్థావరాల విషయంలో ఆ సెక్షన్‌కు శిక్ష 14 ఏళ్ల వరకు ఉంది. పైగా ఉద్దేశాన్ని పరిస్థితులను బట్టి కూడా ఊహించవచ్చని చట్టమే చెబుతోంది. గోడ మీదుగా డ్రోన్ ఎగరేసినవాడు ‘పాట కోసం’ అంటే వెంటనే ఎవరు నమ్ముతారు? 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం రెడ్ జోన్‌లో, అంటే డ్రోన్లకు నిషేధమున్న ప్రాంతంలో, కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగరేయకూడదు. మీ కొబ్బరి తోటల మీద ఎగరేసినా ముందు డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై వెబ్‌సైట్ మ్యాప్‌లో జోన్ చూసుకోవాలి.

1962 నుంచి ఉన్న కోరుకొండ సైనిక్ స్కూలు సంగతి వేరు. అది బడి, లోపల ఉండేది పిల్లలు. ప్రిన్సిపాల్ అనుమతి లేకుండా గేటు దగ్గర కూడా కెమెరా పెట్టకండి. నేవీ వాతావరణం కావాలంటే విశాఖ బీచ్‌లో కురుసుర జలాంతర్గామి మ్యూజియం, ఎదురుగా టీయూ-142 విమానం ఉన్నాయి. అవి విశాఖ అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ చేతిలో ఉన్నాయి, దరఖాస్తు పెట్టి అడగండి.

ఆర్మీ నేపథ్యంతో తీసే సినిమాలు, వెబ్ సిరీస్‌లు ముందుగా ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకోవాలని 2020లో రక్షణ శాఖ చెప్పింది. నిజమైన క్యాంపు, ఆయుధాలు, యూనిట్ పేరు ఏవీ లేని మీ పాటకు అది అక్కర్లేదనే నా అభిప్రాయం.

రైలు సీను ఒకటి మిగిలింది. మీ పాటకు ప్రాణం అదే అనిపించింది నాకు. పలాస ప్లాట్‌ఫామ్ మీద తీయాలంటే రైల్వే అనుమతి, ఫీజు ఉంటాయి. పట్టాల మీదికి దిగితే అక్రమ ప్రవేశం కింద రైల్వే చట్టం 147వ సెక్షన్ పడుతుంది. అనుమతికి టైము పడుతుంది, అన్నయ్య సెలవుతో ముడిపెట్టకుండా దరఖాస్తు ఈ వారమే పెట్టండి.