గెలాక్సీ ఫొటోలో హైడ్రోజన్ వెలుగును కలపడం ఎలా?

ప్రశ్న: ఎం33 గెలాక్సీని మామూలు రంగు ఫిల్టర్లతోనూ, హైడ్రోజన్ ఆల్ఫా ఫిల్టర్‌తోనూ ఫొటో తీశాను. రెండింటినీ కలిపితే గెలాక్సీ అంతా ఎర్రబారి, నక్షత్రాల రంగు చెడిపోతోంది. ఏం చేయాలి?

జవాబు: మీరు హైడ్రోజన్ చిత్రాన్ని, రంగు చిత్రంలో ఎరుపు కాంతిని మాత్రమే చూపే భాగమైన ఎరుపు ఛానెల్‌లో నేరుగా కలిపి ఉంటారు. ఆ ఫిల్టర్ 656.3 నానోమీటర్ల చుట్టూ ఉన్న కాంతిని మాత్రమే వదిలినా, ఆ సన్నని పట్టీలో వాయుమేఘాల వెలుగుతో పాటు నక్షత్రాల కాంతి కూడా కొంత ఉంటుంది కాబట్టి, వాటి ఎరుపును మీరు రెండోసారి చేర్చినట్లవుతోంది. అందువల్ల రెండు చిత్రాల్లోనూ ఆకాశపు నేపథ్యాన్ని ముందుగా సమం చేసి, స్ట్రెచ్ (మసక వివరాలు కనిపించేలా వెలుగు పెంచడం) చేయకముందే, ఎరుపు ఛానెల్‌ను తగిన గుణకంతో తగ్గించి హైడ్రోజన్ చిత్రంలోంచి తీసివేయండి. గుణకం కుదిరితే నక్షత్రాలు దాదాపు మాయమై, ఎం33లోని ఎన్‌జీసీ 604 వంటి మేఘాలు మాత్రం నిలుస్తాయి. నక్షత్రాల స్థానంలో నల్లని గుంటలు కనిపిస్తే ఎక్కువ తీసేశారన్నమాట. ఈ పరీక్షను తొందరపడకుండా, చిత్రాన్ని బాగా పెద్దది చేసి చూడండి. మిగిలినదాన్ని ఎరుపుకు కలపండి. నీలం ఛానెల్‌కూ కొద్దిగా చేర్చడమే సరైనదని నా అభిప్రాయం. ఎందుకంటే అదే హైడ్రోజన్ నీలం వైపున 486.1 నానోమీటర్ల వద్ద కూడా వెలుగుతుంది, అందుకే ఆ మేఘాలకు నప్పేది ముదురు ఎరుపు కాదు, గులాబీ.