కరెంటు పోయొస్తే ఎఫ్‌పీజీఏ లేవడానికి ఆరు సెకన్లు: సమాధానం

తమ్ముడూ, పర్లాకిమిడి మిల్లులో కరెంటు రెప్పపాటు పోయినా సార్టర్ (ఏరివేత యంత్రం) బోర్డు మీది ఎఫ్‌పీజీఏ లేవడానికి ఆరు సెకన్లు పడుతోందన్నావు. చిప్పు తప్పేం లేదు. ఎఫ్‌పీజీఏ అంటే మనం రాసిన సర్క్యూట్ డిజైన్‌ను లోపల నింపుకునే చిప్పు; కరెంటు పోతే అది మరిచిపోతుంది, మళ్లీ పక్కనున్న ఫ్లాష్ మెమరీ నుంచి ఎస్పీఐ అనే లైన్ల మీదుగా చదువుకోవాలి. ఆర్టిక్స్-7 35టీ బిట్‌స్ట్రీమ్ (ఆ డిజైన్ ఫైలు) సుమారు 1.75 కోట్ల బిట్లు. దాన్ని తయారుచేసే వివాడో సాఫ్ట్‌వేర్‌లో చదివే వేగం డిఫాల్ట్‌గా 3 మెగాహెర్ట్జ్, ఒకే డేటా లైను. భాగిస్తే లెక్క ఆ ఆరు సెకన్ల దగ్గరికే వస్తుంది.

కాన్ఫిగ్‌రేట్ 33 (మెగాహెర్ట్జ్ వేగం), ఎస్పీఐ బస్‌విడ్త్ 4 (నాలుగు డేటా లైన్లు) పెట్టు, 0.13 సెకనుకు దిగుతుంది. ఫ్లాష్ ఫైలునీ ఎస్పీఐ ఎక్స్4గానే మళ్లీ తయారుచెయ్యి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. నాలుగు లైన్లూ బోర్డు మీద నిజంగా కలిపున్నాయో చూడు. నాలుగు లైన్లూ వాడుకోనిచ్చే క్వాడ్ ఎనేబుల్ బిట్ ఉన్న ఫ్లాషైతే, అది వెయ్యకపోతే చిప్పు లేచిందని చెప్పే డన్ దీపం వెలగదు.

చిప్పు లోపలి క్లాకు 50 శాతం దాకా అటూ ఇటూ ఊగుతుంది, కాబట్టి ఫ్లాష్ 50 మెగాహెర్ట్జ్ తట్టుకోవాలి. ఫైలును కుదించే కంప్రెస్ కూడా ఆన్ చెయ్యి గానీ, చిప్పు నిండా డిజైన్ ఉంటే పెద్దగా కలిసిరాదు.