కేజ్ పడిందంటే అది ఇక ఇంటి కారు కాదు

ప్రశ్న: మూడేళ్లుగా నా సొంత కారుతోనే ట్రాక్ డేలకు, అంటే రేస్ ట్రాక్ మీద మామూలు వాళ్లనూ కారు నడపనిచ్చే రోజులకు, వెళ్తున్నాను. రోజూ ఆఫీసుకు తీసుకెళ్లేదీ, పిల్లల్ని బడిలో దింపేదీ ఇదే కారు. బ్రేక్ ప్యాడ్లు, టైర్లు మార్చాను. కిందటి నెల నా కళ్లముందే ఒకరి కారు పల్టీ కొట్టింది. మనిషికి ఏమీ కాలేదు కానీ నాకు భయం పట్టుకుంది. రోల్ కేజ్, రేసింగ్ సీటు, ఆరు పట్టీల బెల్టు వేయించి ఈ కారునే మెల్లగా రేసు కారుగా మార్చుకోవచ్చా? లేక విడిగా రేసు కారు కొనుక్కోవాలా?

జవాబు: ఆ కారులో పిల్లలు కూర్చుంటున్నంత కాలం కేజ్ వేయించకండి. మీ ఉత్తరంలో మిగతా విషయాలన్నీ తర్వాత, ముందు ఈ మాట వినండి.

కేజ్ అంటే తల చుట్టూ ఉక్కు గొట్టాలు. హెల్మెట్ పెట్టుకుని, సీటుకు అతుక్కుపోయేలా బెల్టు బిగించుకున్నవాడికే అది రక్ష. మామూలు సీటు బెల్టు గుద్దుకున్నప్పుడు కొంత సాగుతుంది, దాన్ని చేయడమే అలా చేస్తారు. మనిషి ముందుకీ పక్కకీ కదులుతాడు. హెల్మెట్ లేని తల అలా వెళ్లి గొట్టానికి తగిలితే చిన్న ప్రమాదమే ప్రాణం మీదికి వస్తుంది. గొట్టాలకు చుట్టే స్పాంజి ఉంది కదా అంటారు. అది గట్టి రకం, హెల్మెట్ ఉన్న తలను దృష్టిలో పెట్టుకుని చేసింది. ఇక వెనక సీట్లో కూర్చున్న పిల్లల ముఖాల ఎదురుగా ఉండేది కేజ్ ప్రధాన గొట్టమే.

పోనీ, కేజ్ మానేసి సీటూ బెల్టూ మాత్రం వేయిద్దామా? అదీ వద్దు. కారు తిరగబడి పైకప్పు కిందికి నొక్కుకుంటే మామూలు బెల్టు మనిషిని కాస్త పక్కకు వాలనిస్తుంది. ఆరు పట్టీల బెల్టు నిటారుగా బిగించి ఉంచుతుంది, తప్పుకోవడానికి చోటుండదు. భుజం పట్టీలను వెనక నేలలోని బోల్టుకు ఏటవాలుగా దింపి కడితే దెబ్బ తగిలిన క్షణంలో అవి వెన్నెముకను కిందికి నొక్కుతాయి. పైగా ఒళ్లంతా కదలకుండా ఆగిపోయినప్పుడు తల ఒక్కటే ముందుకు దూసుకుపోతుంది. ఆ విసురుకు పుర్రె అడుగుభాగం విరిగి ఎందరో డ్రైవర్లు పోయారు. ప్రొఫెసర్ రాబర్ట్ హబ్బార్డ్, రేసర్ జిమ్ డౌనింగ్ కలిసి 1980లలో హాన్స్ పరికరాన్ని, అంటే హెల్మెట్‌ను భుజాల దగ్గర పట్టి ఉంచి తలను ముందుకు ఎగరనివ్వని పట్టాను, తయారుచేసింది ఇందుకే. ఫార్ములా వన్ దాన్ని తప్పనిసరి చేసేసరికి 2003 వచ్చింది.

కేజ్, సీటు, బెల్టు, హాన్స్... ఈ నాలుగూ ఒక జట్టు. వేస్తే నాలుగూ వేయాలి, లేదంటే ఒక్కటీ వద్దు. కంపెనీ నుంచి వచ్చిన మీ కారు కూడా అలాంటి జట్టే: దాని బెల్టు, ఎయిర్‌బ్యాగ్, నలిగి దెబ్బను మింగే ముందుభాగం ఒకదానికోసం ఒకటి లెక్కగట్టి పెట్టినవి. ఇందులోంచి ఒకటి తీసి, అందులోంచి ఒకటి తెచ్చి పెడితే రెండు జట్లూ చెడతాయి.

ఈ రెండు పడవల ప్రయాణం నేనూ రెండేళ్లు చేశాను. వెనక సీటు పీకేశాను, గట్టి స్ప్రింగులు వేశాను. రోడ్డు మీద ప్రతి గుంతా నడుముకు తెలిసేది. ట్రాక్ మీద మాత్రం సాయంత్రం ఇదే కారులో ఇంటికెళ్లాలన్న ఆలోచన వదిలేది కాదు. ఒక మధ్యాహ్నం ట్రాక్‌లో మలుపుల్లేని పెద్ద స్ట్రెయిట్ చివర బ్రేక్ తొక్కితే పెడల్ మెత్తగా నేలకు దిగిపోయింది. కారు గులకరాళ్లలోకి వెళ్లి ఆగింది. నాకేమీ కాలేదు. కారణం కొత్త ప్యాడ్లు వేసి పాత బ్రేక్ ఆయిల్ వదిలేయడం. అది నా తప్పే. గాలిలోని తేమను ఆ ఆయిల్ పీల్చుకుంటుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, నీరు చేరినదానికైతే ఆ హద్దు 155 డిగ్రీలే. వేగం రెట్టింపైతే బ్రేకులు ఆపాల్సిన శక్తి నాలుగు రెట్లవుతుంది, ఆ వేడిలో కొంత ఆయిల్‌కూ చేరుతుంది. అది మరిగి బుడగలు పుడితే పెడల్ మెత్తబడుతుంది. మీరు ప్యాడ్లు, టైర్లు మార్చానన్నారు కానీ ఆయిల్ మాట ఎత్తలేదు. వచ్చే ట్రాక్ డేకు ముందే మార్పించండి.

నేను రేసు కారు కొన్నది ఆ తర్వాతే. కొన్నాక ల్యాప్ టైమ్ ఏమంత తగ్గలేదు. తగ్గింది నా మనసులోని బరువు. కారు చెడితే ట్రైలర్ ఎక్కించి తెచ్చుకుంటాను, మర్నాడు పనికి వెళ్లడానికి ఇంటి కారు ఇంటి దగ్గరే ఉంటుంది. రేసు కారు ఎందుకు కొనాలని ఎవరడిగినా నేను మొదట చెప్పేది ఇదే.

కొనేటప్పుడు ఎవరో కట్టి, కొన్నాళ్లు రేసుల్లో తిప్పిన కారే కొనండి. మొదటి కారును సొంతంగా కట్టాలన్న ముచ్చట చాలామందికి ఉంటుంది, నాకూ ఉండేది. అలా మొదలుపెట్టినవాళ్లలో డ్రైవింగ్ మానేసి స్పానర్ పట్టుకుని కూర్చుండిపోయినవాళ్లను చూశాను. బరువు తక్కువ, ఇంజిన్ చిన్నది చూసుకోండి. 1989లో వచ్చిన మొదటి తరం మజ్దా ఎమ్ఎక్స్-5 లాంటిదన్నమాట. టన్నులోపు బరువు కాబట్టి బ్రేకులూ టైర్లూ త్వరగా అరగవు. తప్పు చేస్తే దాన్ని కప్పిపుచ్చేంత బలం ఇంజిన్‌లో ఉండదు, అందుకే డ్రైవింగ్ వస్తుంది. మీరు వెళ్లే ట్రాక్‌లో ఏ తరగతి కార్లు ఎక్కువో ఆ తరగతిలోనే కొంటే విడిభాగాలకూ సలహాలకూ వెతుక్కోనక్కర్లేదు.

రంగు, స్టిక్కర్ల సంగతి వదిలేయండి. టార్చి తీసుకుని కేజ్ వెల్డింగ్ చూడండి. గొట్టం చుట్టూ పూర్తిగా పడిందా, పైకప్పు వైపు చెయ్యి దూరని చోట వదిలేశారా? సీటు, బెల్టుల మీద లేబుళ్లు చదవండి. అంతర్జాతీయ మోటార్ రేసుల సంస్థ ఎఫ్ఐఏ పెట్టిన 8855-1999 ప్రమాణం సీటుకు ఆయుష్షు 5 ఏళ్లు. గడువు తీరినవి ఉంటే వాటి ఖర్చు బేరంలో తగ్గించమనండి. ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగిందో రాసిన పుస్తకం అడగండి. లేదంటే ఇంజిన్ విప్పాల్సి వస్తుందనుకునే లెక్క వేసుకోండి.

చేతిలో ఉన్న డబ్బంతా కారుకే పెట్టొద్దు. సగం అట్టేపెట్టుకోండి. ట్రైలర్, దాన్ని లాగే బండి, కారు పెట్టుకునే చోటు, రెండో జత చక్రాలు, వీటన్నిటికంటే ఎక్కువగా మీ సమయం. ప్రతి ట్రాక్ డే తర్వాత ఒక సాయంత్రం కారు కింద గడపాలి. ఈ మాట ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి.

కొనేముందు ఒక్కరోజు అద్దె రేసు కారు నడిపి చూడండి. వరసగా పది ల్యాపులు సెకను తేడాలోపు వేయగలిగితే మీరు సిద్ధమనే నా లెక్క. రాకపోతే డబ్బు కోచ్‌కు పెట్టండి. అందాకా ఇంటి కారును కంపెనీ బెల్టుతోనే, గోడ దగ్గరగా ఉన్న మలుపుల్లో కొంత వేగం మిగుల్చుకుని నడపండి.

ప్రశ్న: బైక్ హెల్మెట్ ఉంది. ట్రాక్ డేకు అది చాలదా?

జవాబు: కొన్నిచోట్ల ఒప్పుకుంటారు. నేనైతే వాడను. హెల్మెట్లను పరీక్షించే స్నెల్ సంస్థ గుర్తుల్లో ఎమ్ అంటే బైకుది, ఎస్ఏ అంటే కారుది. ఎస్ఏ హెల్మెట్ లోపలి గుడ్డ మంటకు తట్టుకునేది, కేజ్ గొట్టం లాంటిదానికి గుద్దుకుంటే ఏమవుతుందో కూడా పరీక్షించి ఇస్తారు. ఎస్ఏ 2020 హెల్మెట్‌కు హాన్స్ పట్టీలు తగిలించే బిగింపులు కూడా పెట్టుకోవచ్చు, రేపు రేసు కారు కొన్నా పనికొస్తుంది. ఎవరో వాడినది మాత్రం తీసుకోకండి. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ పైకి కొత్తదానిలాగే కనిపిస్తుంది.