పాఠకుల ప్రశ్నలు: చంపకుండా ఆడే చిన్న ఆటలు

ప్రశ్న: మా ఇంట్లో ఉన్నది 4 జీబీ ర్యామ్ గల పాత ల్యాప్‌టాప్. కొత్త ఆటలు దానిలో నడవవు కనుక స్నేహితుల మాట మీద ‘అండర్‌టేల్’ కొన్నాను. ఇంతవరకు ఎవ్వరినీ చంపకుండా వచ్చి, వాటర్‌ఫాల్ ప్రాంతం చివర అండైన్ అనే శత్రువు దగ్గర ఆగిపోయాను. నా హెచ్‌పీ (ప్రాణం పాయింట్లు) ఇంకా 20 దగ్గరే ఉంది. ఎన్నిసార్లు కనికరించినా ఆమె దాడి ఆపడం లేదు. కొందరిని చంపి లెవెల్ పెంచుకోవచ్చునా?
— డిగ్రీ విద్యార్థి, కావలి

జవాబు: మీ హెచ్‌పీ 20 దగ్గరే ఉండడం ఆట లోపమూ కాదు, మీ లోపమూ కాదు. ఈ ఆటలో లెవెల్ పెరగడానికి కావలసిన పాయింట్లు చంపితేనే వస్తాయి. వదిలిపెడితే నాణేలు మాత్రమే దక్కుతాయి. ఎవ్వరినీ చంపనని నిశ్చయించుకున్నవారు అదే 20 హెచ్‌పీతో చివరిదాకా నెట్టుకురావలసిందే. తక్కిన ఆటల్లో పాత్ర బలపడుతుంది, ఇక్కడ ఆడేవారి వేళ్లు, ఓర్పు బలపడాలి. మధ్యలో ఒక్కరిని చంపినా, ఎవ్వరినీ చంపనివారికి దక్కే ముగింపు ఆ విడతకు మూసుకుపోతుంది. కనుక ఇంతదూరం వచ్చిన మీకు ఆ సలహా ఇవ్వలేను.

అండైన్ విషయానికి వస్తే, ఆమెను కనికరించి ఒప్పించడం ఆ పోరాటంలో సాధ్యం కాదు, పారిపోవాలి. తెరపై మీకు బదులుగా ఉండే గుండె గుర్తు ఆకుపచ్చగా ఉన్నంతసేపు అది కదలదు. ఈటెలు వచ్చే వైపుకు బాణం మీటలతో డాలును తిప్పుతూ ఉండండి. పసుపురంగు ఈటెలు మాత్రం చివరిక్షణంలో వెనకవైపు నుంచి తగులుతాయి. కొన్ని వరుసలు గడిచాక ఆమె మీ గుండెను ఎర్రగా మారుస్తుంది. మెర్సీ (కనికరం) పట్టికలో పారిపోయే అవకాశం అప్పుడే కనబడుతుంది. దాన్ని ఎంచుకుని కుడివైపుకు పరుగెత్తండి. మళ్లీ పట్టుకుంటే మళ్లీ అదే చేయండి. హాట్‌ల్యాండ్ అనే తరువాతి ప్రాంతం చేరగానే కవచంలో వేడికి తాళలేక ఆమె కూలబడుతుంది. పక్కనే ఉన్న కూలర్ నుంచి నీళ్లు తెచ్చి ఆమెపై పోయడం మరచిపోకండి; తరువాత ఆమెతో స్నేహం కుదరాలంటే ఆ నీళ్లు అవసరం. వెళ్లేముందు గెర్సన్ అనే ముసలి తాబేలు దుకాణంలో క్రాబ్ యాపిల్స్ కొనిపెట్టుకోండి. ఒక్కోటి 18 హెచ్‌పీ ఇస్తుంది, అంటే మీకు దాదాపు నిండు ప్రాణం.

ఈ ఆట కోసం దాని సృష్టికర్త టోబీ ఫాక్స్ 2013లో జనం నుంచి చందాలు పోగుచేసే కిక్‌స్టార్టర్ వెబ్‌సైట్‌లో 5,000 డాలర్లు అడిగితే 51,000కు పైగా వచ్చాయి. 2015లో ఆట విడుదలైంది. రచన, సంగీతం ఆయనవే. చిత్రాల్లో టెమ్మీ చాంగ్ సాయం ఉంది. బొమ్మలు అంతంతమాత్రమేనని, కొన్ని గుహలు మరీ బోసిగా ఉంటాయని చెప్పడానికి నాకు సంకోచం లేదు. అయితే ఉన్న కొద్దిపాటి వనరులను ‘చంపాలా, వద్దా’ అన్న ఒక్క ఆలోచన మీదే వెచ్చించారు కనుకనే, దుకాణం సరుకుల నుంచి చిల్లర పాత్రల మాటల వరకు అన్నీ మీరు చేసిన పనిని లెక్కలోకి తీసుకుంటాయి. సంభాషణలు తెలుగులో లేవు. ఎక్స్ మీట నొక్కితే వాక్యం ఒక్కసారిగా పూర్తయిపోతుంది. ఇంగ్లీషు నెమ్మదిగా చదివేవారు దాని జోలికి పోకపోవడమే మంచిది.

ప్రశ్న: నేను, మా తమ్ముడు కలిసి నెల్లూరు రొట్టెల పండుగ నేపథ్యంగా తెలుగులో రోల్ ప్లేయింగ్ గేమ్ చేయాలనుకుంటున్నాము. చేతిలో డబ్బు లేదు. యుద్ధాలు పెట్టకపోతే ఆట చప్పబడుతుందా?
— ఇంటర్ విద్యార్థిని, నెల్లూరు

జవాబు: చప్పబడదు. 2011లో వచ్చిన ‘టు ది మూన్’ ఆట ఆర్‌పీజీ మేకర్ అనే ఆటల తయారీ సాఫ్ట్‌వేర్‌తో చేసినదే. అందులో పోరాటాలు దాదాపు లేవు, అయినా ఆడినవారు దాన్ని గుర్తుపెట్టుకున్నారు.

మీరు ఎంచుకున్న పండుగలోనే ఆట ఉంది. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో దిగి, కోరిక తీరినవారు రొట్టె ఇస్తారు, కోరుకునేవారు పుచ్చుకుంటారు. తీరినవారు మరుసటి ఏడు వచ్చి తామూ రొట్టె ఇస్తారు. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె అని వాటికి పేర్లు. మీ కథానాయిక చేతిలో ఉద్యోగ రొట్టె ఒక్కటే ఉందనుకోండి. మోకాలిలోతు నీళ్లలో ముగ్గురు చేయి చాపారు. వారితో మాట్లాడి, ఎవరి అవసరం ఏమిటో తెలుసుకుని, ఒకరికే ఇవ్వాలి. మరుసటి ఏడు ఆ ముగ్గురూ మళ్లీ ఎదురవుతారు. మీకు కావలసిన సంఘర్షణ అక్కడే ఉంది. దానికి కత్తి అక్కరలేదు. ఒక్క జాగ్రత్త: రొట్టె వల్ల కోరిక తీరిందో లేదో అంకెల్లో చూపకండి, జనం విశ్వాసాన్ని మార్కుల పట్టికగా మార్చడం బాగుండదు.

పెన్నా వంతెన, రంగనాయకుల గుడి, ట్రంకురోడ్డు అన్నీ గీయాలన్న ఆశ కలుగుతుంది. ఆ ఆశను ఇప్పుడే చంపుకుని, ఒక్క చెరువు గట్టును రెండు ఏళ్ల పండుగకు సరిపడేలా గీయండి.

డబ్బు లేదంటున్నారు కనుక ఆటలు తయారుచేసే గోడో ఇంజిన్ అనే సాఫ్ట్‌వేర్ తీసుకోండి. అది పూర్తిగా ఉచితం. అంతకంటే ముఖ్యంగా, 2023లో వచ్చిన దాని నాలుగో వెర్షన్ తెలుగు లాంటి లిపులను సరిగా కూర్చగలదు. అక్షరాలను విడివిడిగా గీసే సాధనాల్లో వత్తులు, గుణింతాలు చెదిరిపోతాయి: రొట్టెలో ట వత్తు కిందికి దిగకుండా పొల్లుగా పక్కన నిలబడుతుంది. కథ రాయకముందే, వత్తులు దండిగా ఉన్న ఒక పేరాను తెరపై ఒక్కో అక్షరంగా నడిపించి చూసుకోండి.

ప్రశ్న: ఇలాంటి ఆట కొన్న తరువాత నచ్చకపోతే డబ్బు తిరిగి వస్తుందా?
— ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో కొన్నట్లయితే, కొన్న 14 రోజులలోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకముందు అడిగితే ఇస్తారు. అయితే చిన్న ఆటల్లో కొన్ని మొత్తం కలిపి నాలుగైదు గంటలే ఉంటాయి. సగం ఆడి వెనక్కి ఇచ్చేయడం నియమాలకు విరుద్ధం కాకపోయినా నాకు నచ్చదు. అరగంటలో తేల్చుకోండి. ముందుగా ఖర్చు లేకుండా రుచి చూడాలంటే, టోబీ ఫాక్స్ తరువాతి ఆట ‘డెల్టారూన్’ మొదటి రెండు అధ్యాయాలు డెమోగా ఉచితంగా దొరుకుతున్నాయి.