పాప ఫ్యాషన్ చదువుతానంటోంది, ఏం చెప్పమంటారు?

నారాయణవనం నుంచి ఒక తండ్రి రాశారు. ఆయనకు ఆరు మరమగ్గాలున్నాయి. పాప తిరుపతి హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో ఏడాది బైపీసీ చదువుతోంది. ‘ఏడాదిగా పండక్కి కూడా కొత్త బట్టలు వద్దంటోంది. వాళ్లమ్మ పాత చీరలతో సంచులు కుట్టి హాస్టల్లో పిల్లలకిస్తోంది. నీట్ రాయదంట. భూమిని పాడుచెయ్యని బట్టల గురించే చదువుతానని బెంగళూరులో ఒక ప్రైవేటు కాలేజీ చూపిస్తోంది. ఏడాదికి మూడున్నర లక్షలు. మగ్గం పని వద్దనుకునే చదివిస్తా ఉంటే మళ్లీ బట్టల్లోకే పోతానంటే ఏం చెప్పాలి మేడం?’

అన్నా,

నూలు ధర పెరిగి కూలి పెరగని ఏళ్లు చూసిన మనిషి మీరు. బిడ్డ ఆ దారి తొక్కకూడదనుకోవడంలో తప్పేమీ లేదు. కానీ పాప కోరిక చిన్నపిల్ల ముచ్చట కాదని మీ ఉత్తరమే చెబుతోంది. పదిహేడేళ్ల పిల్ల ఏడాది పాటు కొత్త డ్రెస్సు అడగకుండా ఉండగలిగిందంటే, ఆ పట్టుదలను నేను తేలిగ్గా తీసుకోలేను.

ముందు ఆ కాలేజీ సంగతి. ఇప్పుడే డబ్బు కట్టొద్దు. డిగ్రీ ఏ విశ్వవిద్యాలయం ఇస్తుంది, దానికి యూజీసీ గుర్తింపు ఉందా, గుడ్డకు రంగు వేసి పరీక్షించే ల్యాబ్ ఉందా, పోయినేడు బయటికొచ్చిన పిల్లల్లో ఎవరైనా మీతో మాట్లాడతారా, అడగండి. వీటికి నేరుగా బదులివ్వకుండా ఫ్యాషన్ షో ఫొటోలు చూపిస్తే లేచి వచ్చేయండి.

ఇక అసలు మాట. బట్టల వల్ల నేలకూ నీళ్లకూ జరిగే చెడులో పెద్ద వాటా రంగుల తొట్టి దగ్గరే జరుగుతుంది. నగరి అద్దకం నీళ్లు కుశస్థలిలో కలుస్తున్నాయన్న మాట మీరూ నేనూ ఏళ్లుగా వింటున్నాం. ఆ నది కిందికి పోయి పూండి జలాశయం చేరుతుంది, అక్కణ్నుంచి చెన్నైకి తాగునీళ్లు పోతాయి. నూలు గుడ్డకు ఇప్పుడు ఎక్కువగా వాడేవి రియాక్టివ్ రంగులు, అంటే నూలుతో రసాయనికంగా కలిసి అతుక్కునేవి. అవి గుడ్డకు పట్టాలంటే తొట్టిలో చాలా ఉప్పు వెయ్యాలి. అయినా వేసిన రంగంతా పట్టదు, కొంత నీళ్లలోనే మిగిలిపోతుంది. రంగును ఎలాగోలా విరగ్గొట్టొచ్చు గానీ, నీళ్లలో కరిగిన ఉప్పు మామూలు శుద్ధితో పోదు. తమిళనాడులోని తిరుప్పూరులో నొయ్యల్ నది అలాగే పాడైంది. 2011లో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకం యూనిట్లను మూయించింది. మళ్లీ తెరవాలంటే చుక్క నీరు బయటికి పోకూడదు. వాడిన నీటిని వడపోసి, ఆర్వోలో పెట్టి, మిగిలిన చిక్కటి నీటిని కాచి ఆవిరి చేసి, ఉప్పును వేరుచేసి మళ్లీ తొట్టిలో వాడుకోవాలి. ఆ ప్లాంట్లు నడపడానికీ, నీటిని రోజూ పరీక్షించడానికీ, ఖర్చు తగ్గే దారి వెతకడానికీ కెమిస్ట్రీ వచ్చిన మనుషులు కావాలి. బైపీసీ చదివే మీ పాప చెయ్యగలిగిన పని అది. బొమ్మ గీసే డిజైనర్లు చాలామంది ఉన్నారు, తొట్టిలో ఏం జరుగుతోందో తెలిసిన డిజైనర్లే తక్కువ.

గిరాకీ ఎక్కణ్నుంచి వస్తోందో కూడా చెప్పాలి. యూరప్‌లో 2024 జూలైలో ఒక కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం పెద్ద కంపెనీలు అమ్ముడుపోని బట్టలను 2026 జూలై నుంచి ధ్వంసం చెయ్యకూడదు. ఏ వస్తువు దేంతో తయారైందో చెప్పే డిజిటల్ పాస్‌పోర్టు కూడా ఆ చట్టం కిందే రాబోతోంది. సేంద్రియ బట్టలకిచ్చే గాట్స్ ముద్ర కావాలంటే గుడ్డలో కనీసం 70 శాతం ధ్రువీకరించిన సేంద్రియ నార ఉండాలి. ఎగుమతి చేసే మిల్లు ఇవన్నీ కాగితం మీదా ల్యాబులోనూ రుజువు చేసుకోవాలి. ఆ రుజువు చూసే ఉద్యోగాలు తిరుప్పూరు, బెంగళూరు, చెన్నైల్లో ఉంటాయి. మొదటి రెండేళ్లు జీతం చిన్నదే, దాచను. పని నేర్చుకున్నవాళ్లకు తర్వాత పెరుగుతుంది.

దారులు చెబుతాను. గుంటూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి కమ్యూనిటీ సైన్స్ నాలుగేళ్ల డిగ్రీ ఉంది, అందులో వస్త్రాల విభాగం ఒకటి. బైపీసీ పిల్లకు నేను ముందు చూడమనేది దీన్నే. ఫీజు బెంగళూరు కాలేజీ కంటే చాలా తక్కువ. రెండోది, ఇక్కడే ఎస్వీ యూనివర్సిటీ కిందో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనో కెమిస్ట్రీతో ముందుకెళ్లి, పీజీలో పర్యావరణం వైపు తిరగడం. డిజైనే కావాలని పట్టుబడితే జాతీయ ఫ్యాషన్ సంస్థ నిఫ్ట్ హైదరాబాదుకూ, మన రాష్ట్రంలోని జాతీయ డిజైన్ సంస్థ ఎన్ఐడీకీ పరీక్ష రాయించండి. రెండింటిలోనూ బి.డిజైన్‌కు ఏ గ్రూపు వాళ్లైనా రాయొచ్చు. ఎన్ఐడీలో వస్త్రాల డిజైన్ ప్రత్యేకంగా ఉంది. చేతిమగ్గం మీదే మనసుంటే వెంకటగిరిలో ప్రగడ కోటయ్య గారి పేరిట ఉన్న చేనేత సాంకేతిక సంస్థలో మూడేళ్ల డిప్లొమా చెయ్యొచ్చు. పదో తరగతి తర్వాత చేరే చదువే గానీ, నేతింటి పిల్లకు అది చిన్నతనమేమీ కాదు.

వీటన్నిటికంటే ముందు పాపను శ్రీకాళహస్తి తీసుకెళ్లండి. కలంకారీ చూస్తే తను పుస్తకంలో చదువుతున్న కెమిస్ట్రీ కళ్లముందు కనబడుతుంది. గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో నానబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు గీత దాటి పాకదు. తుప్పు పట్టిన ఇనుపముక్కలూ బెల్లమూ నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడితే కసిమి అనే నల్లరంగు ద్రవం తయారవుతుంది. కలంతో గీసినప్పుడు అది లేతగానే ఉంటుంది, గుడ్డలోని కరక్కాయ సారం తగిలాక నల్లబడుతుంది. పటిక పూసిన చోటే ఎరుపు పడుతుంది. జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది ఈ పనికే. నచ్చితే తిరుపతిలో టీటీడీ వారి శిల్ప కళాశాలలో కలంకారీకి రెండేళ్ల కోర్సు కూడా ఉంది. అలాగని చెట్ల రంగులన్నీ మంచివనీ, ఫ్యాక్టరీ రంగులన్నీ చెడ్డవనీ పాప అనుకోకూడదు. చెట్ల రంగుకూ బోలెడు నీళ్లు కావాలి, కొన్ని త్వరగా వెలిసిపోతాయి. కలంకారీ పేరుతో అమ్మేవాటిలో మిషను మీద అచ్చేసిన గుడ్డలూ చాలా ఉంటాయి. ఏది ఏదో గుర్తుపట్టడం నేర్చుకుంటే అదే ఒక విద్య.

అమ్మా, ఈ నాలుగు మాటలు నీకు. నువ్వు కుట్టిన సంచులకు ఈరోజే ఒక నోట్‌బుక్ పెట్టు. ఏ చీర, ఎన్ని గజాలు, ఎన్ని సంచులు, ఎంత ముక్క మిగిలింది, ఎన్ని నెలలకు పట్టీ తెగింది, అన్నీ రాయి. ఫొటో తియ్యి. ఎన్ఐడీ, నిఫ్ట్‌ల రెండో దశలో చేత్తో చేసి చూపమంటారు. నిజంగా చేసి చూసిన పిల్లకు అక్కడ చెయ్యి వణకదు. మీ అవ్వను కూడా అడుగు. పాత నూలు చీరలు బొంతలయ్యేవి, ఉయ్యాలలయ్యేవి, మిగిలినవి స్టీలు సామాన్లవాడికి వేస్తే గిన్నె ఇచ్చిపోయేవాడు. పాలిస్టరు చీర బొంతకు ఎందుకు పనికిరాదో అవ్వ చేత్తో తడిమి చెబుతుంది. పాలిస్టరూ నూలూ కలిపి నేసిన గుడ్డను మళ్లీ దారంగా విడదీయడం ఇవాళ్టికీ కష్టమైన పనే. నీ వయసు వాళ్లు తేల్చాల్సిన లెక్క అది. మీ నాన్న మగ్గాల మీద ఏ దారం నడుస్తోందో ఎప్పుడైనా అడిగావా?

అన్నా, నీట్ గురించి నేను ఒత్తిడి పెట్టను. మనసు లేని పిల్లను లాంగ్ టర్మ్ కోచింగ్‌లో కూర్చోబెట్టి రెండేళ్లు పోగొట్టుకున్న ఇళ్లు తిరుపతిలో నేను చాలా చూశాను. ఇంటర్ మాత్రం మంచి మార్కులతో పూర్తి చెయ్యనివ్వండి, కెమిస్ట్రీ ముఖ్యంగా. సెలవుల్లో ఒకరోజు కాళహస్తికి, ఒకరోజు నగరికి తీసుకెళ్లండి. నగరిలో తెలిసినవాళ్ల అద్దకం యూనిట్ ఉంటే తొట్టి పక్కన గంటసేపు నిలబడనివ్వండి. ఆ వేడికీ వాసనకూ ముఖం తిప్పుకుంటుందో, ఈ నీళ్లు ఎక్కడికి పోతాయని అడుగుతుందో గమనించి, చూసింది చూసినట్టు నాకు రాయండి. ఏ కాలేజీయో అప్పుడు కూర్చుని తేలుద్దాం.